ఓతా పట్టణపు ఉస్తాద్

టోక్యోలోని అసాకుసా స్టేషనులో ర్యోమో అనే ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే గంటన్నరలోపే ఓతా పట్టణం వస్తుంది. మొదట ఎడతెగని ఇళ్ళు, తర్వాత ఇళ్ళ మధ్య వరిమళ్ళు, ఆపైన వరిమళ్ళ మధ్య ఇళ్ళు. తోనే నది వంతెన దాటగానే గున్మా ప్రాంతం మొదలవుతుంది. మార్గమధ్యంలో తతెబయాషి అనే ఊరు ఉంది. స్వదేశంలో నిలువ నీడ కరువై తరలివచ్చిన రోహింగ్యా కుటుంబాలు జపాను మొత్తంలో అత్యధికంగా స్థిరపడింది ఆ ఊళ్ళోనే. రైలు అక్కడ కొద్దిసేపు ఆగింది. తలకు రుమాలు కట్టుకున్న ఒక తల్లి, వీపున బడిసంచులు మోస్తున్న ఇద్దరు పిల్లలు ప్లాట్‌ఫారం మీద కనిపించారు. మేము కిటికీలోంచి చేయెత్తి సలాము చేశాము. పిల్లలు జపానువారి పద్ధతిలో నడుము వంచి బదులిచ్చారు.

ఉత్తరాన అకాగి పర్వతం కనిపించసాగింది. శీతాకాలంలో కొండల మీదుగా దిగివచ్చే పొడిగాలికీ, ఇంటి పెత్తనం చేతబట్టిన ఇల్లాండ్రకూ గున్మా ప్రసిద్ధి అని అక్కడొక నానుడి. పూర్వం పట్టుపురుగులను పెంచడం, పట్టుదారం తీయడం ఈ ప్రాంతపు స్త్రీల పని. సంపాదన వారిది గనుక మాట కూడా వారిదే చెల్లేదట. 1872లో ప్రభుత్వం నెలకొల్పిన తొమియోకా పట్టుమిల్లు కూడా గున్మాలోనే ఉన్నది. అయితే మేము వెళ్ళింది పట్టు చూడటానికి కాదు, ఇనుము చూడటానికి.

ఓతా అంటే సుబారు కార్లు. ఫ్యాక్టరీ ఉన్న పేటకు సైతం సుబారు పేరే పెట్టారు. ఆ ఫ్యాక్టరీ చరిత్ర వినదగినది. 1917లో ఇక్కడ నకజిమా అనే విమానాల కంపెనీ పుట్టింది. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యానికి యుద్ధవిమానాలు సమకూర్చిన అతిపెద్ద కంపెనీలలో అదొకటి. 1945 ఫిబ్రవరిలో అమెరికా బాంబర్లు ఓతా కర్మాగారాన్ని ధ్వంసం చేశాయి. యుద్ధం ముగిశాక జపానులో విమానాల తయారీని నిషేధించారు. రెక్కలు చేసిన చేతులకు పని లేకుండా పోయింది. అప్పుడు ఆ పనివారు గోదాముల్లో మిగిలిపోయిన బాంబరు విమానాల తోకచక్రాలను తీసి స్కూటర్లకు బిగించారు. 1946లో రాబిట్ అన్న పేరుతో ఆ స్కూటరు రోడ్డెక్కింది. ఊళ్ళను తగలబెట్టే యంత్రానికి చేసిన చక్రం, బజారుకు పోయి కూరగాయలు తెచ్చుకునే బండికి పనికొచ్చింది. ఓతాలో మేము విన్న సంగతులన్నిటిలోకీ మాకు నచ్చినది ఇదే. ఆ విమాన ఇంజనీర్ల వారసులే 1958లో సుబారు పేరుతో 356 సీసీ ఇంజనుగల చిన్న కారును తెచ్చారు. నలుగురు కూర్చునే ఆ కారు బరువు 400 కిలోలు కూడా ఉండేది కాదు.

సుబారు అంటే జపాను భాషలో కృత్తికలు. మన రైతులు కృత్తిక కార్తె అంటారే, ఆ నక్షత్రాల గుంపే. అరబ్బులు దానినే అస్సురయ్యా అన్నారు. ప్రాచీన అరబీలో ఒక్క ‘నక్షత్రం’ అన్న మాట వాడితే చాలు, సురయ్యా అని అర్థం చేసుకునేవారని మదరసాలో మేము ఏటా విద్యార్థులకు చెబుతూనే ఉన్నాము. మన ఇళ్ళలో ఎందరు సురయ్యాలు లేరు! యుద్ధం తర్వాత ముక్కలైన కంపెనీలలో ఐదు కలిసి 1953లో ఆరవ కంపెనీగా ఏర్పడ్డాయి. కారు ముక్కు మీద కనిపించే ఆరు నక్షత్రాల గుర్తు దానికే సంకేతం. పెద్ద నక్షత్రం ఒకటి, చిన్నవి ఐదు.

మా చెల్లెలి కుమారుడు ఓతాకు పక్కనున్న ఇసెసాకిలో పాత కార్ల యార్డులో ఆరేళ్ళుగా పని చేస్తున్నాడు. జపానులో వాహనాలు మన దేశంలో లాగే రోడ్డుకు ఎడమవైపున నడుస్తాయి. అందుచేత ఇక్కడి పాత కార్లు పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, తూర్పు ఆఫ్రికా దేశాలలో స్టీరింగు మార్చే పని లేకుండానే అమ్ముడుపోతాయి. 1980ల నుండి పని వెతుక్కుంటూ వచ్చిన దక్షిణాసియా ముస్లింలలో చాలామంది ఈ వ్యాపారంలో కుదురుకున్నారు. వారు స్థిరపడిన ఊళ్ళలో మస్జిదులు వెలిశాయి, హలాల్ దుకాణాలు వెలిశాయి. ఇసెసాకిలో మేము జుమా నమాజు చేసిన మస్జిదు బయట నిలిపిన బళ్ళలో సగం కార్లను మోసే లారీలే.

వేలంలో అమ్మే ప్రతి కారుకూ ఒక కాగితం ఉంటుంది. అందులో కారు బొమ్మ గీసి, ఎక్కడ గీత పడిందో, ఎక్కడ సొట్ట పోయిందో, ఏ తలుపు మార్చారో అక్షరాలతోనూ అంకెలతోనూ గుర్తిస్తారు. ‘ఏ1’ అంటే చిన్న గీత, ‘యు’ అంటే సొట్ట. వేల కిలోమీటర్ల దూరాన ఉన్న కొనుగోలుదారు కారును కళ్ళతో చూడకుండానే ఆ కాగితాన్ని నమ్మి డబ్బు పంపుతాడు. దాచినదేదీ లేకుండా వ్రాసిన ఆ చిట్టాను చూసినప్పుడు మాకు మరొక చిట్టా స్ఫురించింది. అదేమిటో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

బయలుదేరే ముందు మా చెల్లెలు మాకొక బాధ్యత అప్పగించింది. ఆమె భర్త విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీ మెకానిక్కుగా పనిచేసి, మోకాళ్ళు అరిగి, షెడ్డు మూసేశాడు. కొడుకు పంపే సొమ్ముతోనే ఇంటి మీది అప్పు కొంచెం కొంచెంగా తీరుతున్నది. నాలుగు నెలలుగా ఆ సొమ్ము తగ్గింది. ఆరా తీయగా అబ్బాయి ఒక పాత కారు కొన్నాడనీ, దానికి పెద్ద ఎత్తున ‘ట్యూనింగు’ చేయించబోతున్నాడనీ తెలిసింది. “భాయీజాన్, వాడు మీ మాట కాదనడు. ఆ పిచ్చి మానిపించి రండి” అన్నది చెల్లెలు.

అబ్బాయి ఆ కారులోనే స్టేషనుకు వచ్చాడు. నీలిరంగు సుబారు ఇంప్రెజా. వయసు 20 ఏళ్ళు దాటింది. బానెట్టు మీద ఒక పెద్ద రంధ్రం ఉంది. గాలి పీల్చుకోవడానికట. మేము విషయం ఎత్తకముందే అతడే అన్నాడు: “మామూజాన్, అమ్మ ఏం చెప్పి పంపిందో నాకు తెలుసు. ఈ రోజు కారు పరీక్ష చేయించడానికి షెడ్డుకు తీసుకుపోతున్నాను. మీరూ రండి. చూశాక మీరు వద్దంటే మానేస్తాను.” పని తెలియకుండా తీర్పు చెప్పడం ఖాజీకి తగదు. సరేనన్నాము.

షెడ్డు ఊరి చివర వరిచేల అంచున ఉంది. పైన రేకుల కప్పు. లోపల కార్లను పైకెత్తే లిఫ్టులు మూడు, పక్కన గాజుతలుపుల చిన్న ఆఫీసు గది. ఆ గది గడప దగ్గర జోళ్ళు విడిచి, వారిచ్చిన చెప్పులు తొడుక్కోవాలి. షెడ్డు నేలకు బూడిదరంగు వేశారు. దాని మీద దస్తర్‌ఖాన్ పరచి భోజనం చేయవచ్చు అనిపించింది. గోడ మీద పలక బిగించి, దాని మీద ఒక్కొక్క పానా ఆకారాన్ని నల్లరంగుతో గీశారు. ఏ పానా దాని నీడ మీదే ఉండాలి. సాయంత్రం పని ముగిశాక ఎక్కడైనా నీడ ఒంటరిగా కనిపిస్తే, ఆ పానా ఏ కారు ఇంజనులోనైనా ఉండిపోయిందేమో అని వెతికేదాకా తలుపు మూయరట.

ఇది చదివి మన ఆటోనగర్ షెడ్లను తక్కువ చేసి చూడనవసరం లేదు. బజారులో దొరకని విడిభాగాన్ని లేతు మీద పుట్టించగల చేతులు అక్కడున్నాయి. జపాను మేస్త్రీ కంపెనీ నుండి కొత్త భాగాన్ని తెప్పించే చోట, మనవాడు పాతదానికే ప్రాణం పోస్తాడు. ఇద్దరి సంగతీ వేరు. పని ముగిశాక పానాను ఎక్కడ పడేస్తామో మాత్రం మనం ఆలోచించుకోవచ్చు.

యజమాని వయసు 66. పొట్టి మనిషి, మాట తక్కువ. నూనె మరక లేని చొక్కా వేసుకున్నాడు. పని నేర్చుకునే కుర్రాళ్ళిద్దరూ అతణ్ణి ‘షాచో’ అంటున్నారు, అంటే యజమానిగారు. ఆటోనగర్‌లో కుర్రాళ్ళు మేస్త్రీని ‘ఉస్తాద్’ అంటారు. అలిఫ్, బే నేర్పే మమ్మల్నీ పిల్లలు ఉస్తాద్ అనే పిలుస్తారు. ఈ సంగతి మేము అబ్బాయి ద్వారా చెప్పించగా ఆ పెద్దమనిషి నవ్వి, ఆ మాటను రెండుసార్లు పలికి చూశాడు. “ఉసుతాదో” అని వచ్చింది. ఆ తర్వాత సాయంత్రం దాకా మమ్మల్ని అలాగే పిలిచాడు. మేమూ అతణ్ణి అలాగే పిలిచాము.

ట్యూనింగు అన్న మాట మన ఊళ్ళకూ కొత్త కాదు. కార్బురేటరు కాలంలో మేస్త్రీ స్క్రూడ్రైవరు పట్టుకుని, తల పక్కకు వంచి, ఇంజను చప్పుడు వింటూ చిన్న స్క్రూను అటూ ఇటూ తిప్పి సరిచేసేవాడు. ఇక్కడ ఆ స్క్రూ స్థానంలో కంప్యూటరు వచ్చింది. ఎంత గాలికి ఎంత పెట్రోలు పంపాలి, నిప్పురవ్వను ఏ క్షణాన రాల్చాలి అన్నది ఒక పట్టికలో అంకెలుగా ఉంటుంది. ఆ అంకెలను మార్చడమే వీరి పని.

మేము వెళ్ళేసరికి వేరెవరిదో తెల్లకారు పరీక్షలో ఉంది. చక్రాలను నేలలోని రోలర్ల మీద నిలిపి, కారును నాలుగు వైపులా బెల్టులతో నేలకు కట్టేశారు. ముందర మనిషెత్తు ఫ్యాను. కారు కదలదు గానీ చక్రాలు పరుగెత్తుతాయి. అవి రోలర్లను ఎంత బలంతో తిప్పుతున్నాయో తెర మీద గీతగా పడుతుంది. మా చెవులకు మూతలు ఇచ్చారు. ఉస్తాద్ మాత్రం వేరే రకం చెవిగొట్టాలు పెట్టుకున్నాడు. ఇంజనుకు అతికించిన చిన్న మైకు నుండి వచ్చే చప్పుడు అందులో వినిపిస్తుంది. కుర్రాడు యాక్సిలరేటరు తొక్కగానే షెడ్డు రేకులు అదిరాయి. తెర మీద గీత కొండలా పైకెక్కుతున్నది. సగంలో ఉస్తాద్ చేయెత్తి ఆపమన్నాడు.

ఎందుకని అడిగాము. అబ్బాయి వివరించాడు. ఈ ఇంజన్లకు టర్బో ఉంటుంది. బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. నిమిషానికి లక్షకు పైగా చుట్లు. దానితోబాటు తిరిగే మరో చక్రం గాలిని కుదించి ఇంజనులోకి తోస్తుంది. ఎక్కువ గాలి వెళితే ఎక్కువ పెట్రోలు మండించవచ్చు, బలం పెరుగుతుంది. మామూలుగా పెట్రోలు పూర్తిగా మండటానికి దాని బరువుకు 14.7 రెట్లు గాలి కావాలి. అయితే టర్బో కారును గట్టిగా తొక్కినప్పుడు గాలి పాళ్ళు 12కో 11కో తగ్గించి, పెట్రోలు కాస్త ఎక్కువే పోస్తారు. మిగులు పెట్రోలు లోపలి వేడిని తగ్గిస్తుంది. ఆ పాళ్ళు తప్పినా, నిప్పురవ్వ ముందుగా రాలినా పెట్రోలు తీరుగా మండక లోపలే పేలుతుంది. సుత్తితో కొట్టిన చప్పుడు వస్తుంది. కొద్దిసేపు అలాగే సాగితే పిస్టను పగులుతుంది. యంత్రాలకు ఇంకా అందని మొదటి చిన్న చప్పుడును ఉస్తాద్ తన చెవితో పట్టాడు. కొండలా పెరుగుతున్న గీతను చూసి అక్కడివారంతా సంబరపడుతుండగా ఆపేసింది అందుకే. పట్టికలో ఏవో నాలుగు అంకెలు తగ్గించి మళ్ళీ నడిపించాడు. ఈసారి గీత శిఖరం కాస్త కిందికి దిగింది. తృప్తిగా తల ఊపాడు.

అస్ర్ వేళయింది. నమాజుకు బయట వరిగట్టు మీద చోటు చూసుకోబోతుంటే ఉస్తాద్ కుర్రాళ్ళను పిలిచి, ఆఫీసు గదిలో బల్ల జరిపించి, ఊడ్పించి, కొత్త అట్టపెట్టె విప్పి పరిపించాడు. ఏ దిక్కుకు అని అడిగాడు. పడమరకు కొంత ఉత్తరంగా అన్నాము. చక్రాల వరుస సరిచూసే తాడును తెచ్చి అట్ట అంచును ఆ దిక్కుకు సూటిగా సవరించాడు. సఫ్ఫు అంత తిన్నగా మా మదరసాలో ఎన్నడూ కుదరలేదు.

ఆ తర్వాత అబ్బాయి కారు వంతు. ఈ కారుకు కాగితం మీద ఉన్న బలం 280 హార్స్ పవర్. ఆ అంకెకు ఒక కథ ఉంది. 1980ల చివర జపాను కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీపడి కార్ల బలం పెంచుతుంటే, రోడ్డు ప్రమాదాల మీద ఆందోళన పెరిగింది. 280 దాటకూడదని 1989 నుండి కంపెనీలు తమలో తాము ఒక మాట అనుకున్నాయి. చట్టం కాదు, మాట. 2004 దాకా అది నిలిచింది. అయితే కొన్ని కార్లు 280 అని వ్రాసుకుని అంతకన్నా ఎక్కువే ఇచ్చేవని ఈ రంగంలోని వారందరికీ తెలుసు. మాట నిలబెట్టుకోవడానికీ, మాటకు కాగితం అడ్డుపెట్టుకోవడానికీ మధ్య తేడా ఏ దేశంలోనైనా ఒకటే. మా అబ్బాయి కోరిక ఆ 280ని 400 చేయాలని. పెద్ద టర్బో, కొత్త పైపులు, కంప్యూటరు మార్పు అన్నీ కలిపి 8 లక్షల యెన్లు అవుతుందని ముందే లెక్క వేసుకున్నాడు. మన డబ్బులో నాలుగున్నర లక్షలకు తక్కువ కాదు.

ఉస్తాద్ బలం సంగతే ఎత్తలేదు. స్పార్కు ప్లగ్గులు విప్పించి, ఒక్కొక్క సిలిండరులో గాలి ఎంత బిగువుగా నిలుస్తున్నదో మీటరుతో కొలిచాడు. మూడింటిలో ముల్లు 11 దగ్గర ఆగింది. నాలుగవదానిలో 9 దగ్గరే ఆగిపోయింది. మళ్ళీ కొలిచాడు, మళ్ళీ 9. కాగితం మీద నాలుగు అంకెలూ వ్రాసి, నాలుగవదాని చుట్టూ సున్నా చుట్టి అబ్బాయి ముందు పెట్టాడు. ఈ ఇంజను ఇప్పుడున్న బలంతో మెల్లగా నడిపితే ఇంకొన్నేళ్ళు నడుస్తుంది. బలం పెంచితే మొదటి వేసవి దాటదు. తాను చేయనన్నాడు.

“వేరే షెడ్డులో చేస్తామంటున్నారు” అన్నాడు అబ్బాయి. మా వాడి గొంతులో మొండితనం మాకు తెలిసినదే, వాడి తల్లి గొంతు అది.

“చేస్తారు” అని ఉస్తాద్ ఒప్పుకున్నాడు. లైటు తీసుకుని, లిఫ్టు ఎత్తించి, కారు కిందికి వెళ్ళాడు.

కొంతసేపటికి అబ్బాయిని కూడా లోపలికి పిలిచాడు. మేమూ వంగి చూశాము. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు రేకంత పలుచబడి ఉన్నాయి. డిస్కు అంచున గోరు తగిలేంత గట్టు లేచింది. బ్రేకు నూనె తీసి చూపిస్తే టీ డికాక్షను రంగులో ఉంది. ఆ నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొండ దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు తొక్కితే ఆ తేమ మరిగి ఆవిరవుతుంది. అప్పుడు పెడలు నేల దాకా పోతుంది గానీ కారు ఆగదు. ఆదివారాలు ఎక్కడికి వెళుతుంటావని అడిగాడు. హరునా కొండకని అబ్బాయి చెప్పాడు. కొండ రోడ్ల మీద కార్ల పందేల గురించి 1995 నుండి 2013 దాకా సాగిన ‘ఇనిషియల్ డి’ అనే బొమ్మల కథకు మూలం ఆ హరునా ఘాట్ రోడ్డే. దేశదేశాల నుండి కుర్రాళ్ళు ఆ మలుపులు చూడటానికి వస్తారు. బొమ్మల పుస్తకంలో కారు లోయలో పడితే పేజీ తిప్పేయవచ్చు.

పక్కన ఎవరు కూర్చుంటారని ఉస్తాద్ మళ్ళీ అడిగాడు. యార్డులో స్నేహితులు అన్నాడు. ఈ రోజు మామయ్య. ఉస్తాద్ మా వైపు చూసి, మాకు అర్థం కాని భాషలో ఏదో అని, నడుము వంచాడు. అబ్బాయి అనువదించలేదు. మేము అడగలేదు.

తర్వాత వచ్చిన ప్రశ్న మాత్రం అనువాదం అవసరం లేకుండానే తెలిసిపోయింది. మీ నాన్న ఏం చేస్తాడని అడిగాడు. లారీ మెకానిక్కు అని చెప్పాడు అబ్బాయి. లారీ షెడ్డుకు వస్తే మీ నాన్న మొదట ఏం చూస్తాడు?

అబ్బాయి వెంటనే జవాబు చెప్పలేదు. ఆటోనగర్‌లో వాడి పదేళ్ళ వయసులో మేము చూశాము. సెలవు రోజుల్లో తండ్రి పక్కన గోనెపట్టా మీద పడుకుని లారీ కిందికి దొర్లేవాడు. శ్రీశైలం ఘాటుకు పోయే లారీ వస్తే డ్రైవరు ఏ ఫిర్యాదు చెప్పినా మా బావగారు ముందు బ్రేకు డ్రమ్ములే విప్పేవారు. ఇంజను ఆగితే లారీ ఆగుతుంది, బ్రేకు పోతే ఆగదు అని డ్రైవర్లను కసిరేవారు.

“బ్రేకులు” అన్నాడు అబ్బాయి చివరికి, తెలుగులో. ఉస్తాద్‌కు ఆ మాట అర్థమైంది.

వేగం రెండింతలైతే ఆపడానికి పట్టే శక్తి నాలుగింతలవుతుందని ఆ తర్వాత టీ తాగుతూ ఉస్తాద్ చెప్పాడు. అందుకే తన దగ్గర వరుస ఒకటే: మొదట ఆపడం, తర్వాత మలుపు తిప్పడం, చివర పరుగెత్తించడం. ఈ వరుస తిరగవేసి అడిగేవారే ఎక్కువ. ఒకప్పుడు ఈ వృత్తికి మంచి పేరు లేదు. కారులో చిన్న మార్పు చేసినా నిబంధనల ఉల్లంఘన అయ్యేది. రాత్రిళ్ళు రోడ్ల మీద పందేలు వేసే ముఠాలతో కలిపి ట్యూనింగు షెడ్లను చూసేవారు. 1995లో నిబంధనలు సడలించారు, కొన్ని భాగాలను స్వేచ్ఛగా మార్చుకోనిచ్చారు. మిగిలిన వాటికి అధికారుల వద్ద కారును మళ్ళీ పరీక్షకు పెట్టి పత్రాలు మార్పించుకోవాలి. ‘షాకెన్’ అనే తప్పనిసరి పరీక్ష ఎలాగూ ఉంది. సొంత కారు కొన్న మూడేళ్ళకు మొదటిసారి, ఆపై రెండేళ్ళకొకసారి. కారు అడుగుభాగం నేలకు 9 సెంటీమీటర్లకన్నా దిగకూడదు. ఇలాంటి కార్ల సైలెన్సరు చప్పుడు 96 డెసిబెల్సు దాటకూడదు. పొగ, లైట్లు, బ్రేకులు అన్నీ కొలతకు నిలవాలి. నిలిస్తేనే అద్దం మీద చీటీ అంటిస్తారు.

మన పట్టణాల్లో పండుగ రాత్రుల్లో సైలెన్సర్లు పీకేసి వీధులను అదరగొట్టే మోటారుసైకిళ్ళు మాకు గుర్తుకు వచ్చాయి. వాటినీ మన కుర్రాళ్ళు ట్యూనింగు అనే అంటారు. అందులో కొలత ఒక్కటీ లేదు. తల్లులు దువా చేస్తూ గుమ్మంలో కూర్చుంటారు.

సాయంత్రానికి అబ్బాయి లెక్క తిరగవ్రాసుకున్నాడు. బ్రేకు డిస్కులు, ప్యాడ్లు, నూనె, పైపులు, నాలుగు టైర్లు, ఇంజను టైమింగు బెల్టు. 8 లక్షల యెన్లు రెండున్నర లక్షలకు దిగింది. ఆ రాత్రి చెల్లెలికి ఫోను చేశాము. ‘మానేశాడా?’ అని మాత్రమే అడిగింది. కొంత మానేశాడు, కొంత చేయిస్తున్నాడు, ఆ చేయించేది మేమే దగ్గరుండి చేయిస్తున్నాము అన్నాము. కోపగించుకుంది. మీరు వాడి పక్షం చేరిపోయారంది. రెండున్నర లక్షల యెన్లంటే ఆమెకు ఎన్ని నెలల వాయిదాలో మాకు తెలుసు. అయినా అది ఆడంబరానికి పోసిన సొమ్ము కాదనే మా అభిప్రాయం. కారు అమ్మేయమని కూడా మేము చెప్పలేదు. ముప్పై ఏళ్ళు పరుల బళ్ళు బాగుచేసిన వాడి కొడుక్కి తనదంటూ ఒక బండి ఉండాలన్న ఆశ ఉంటే అది నేరమా? మిగిలిన ఐదున్నర లక్షల యెన్లలో ఏ నెల ఎంత ఇంటికి పంపాలో మాత్రం కాగితం మీద వ్రాయించి, అతని చేత సంతకం పెట్టించుకున్నాము. పదిహేను రోజుల అతిథికి అంత అధికారం ఉంటుందని అనుకుంటాము.

మూడవ రోజు కారు తెచ్చుకోవడానికి వెళ్ళాము. బిగించిన ప్రతి బోల్టు మీద సన్నని తెల్లగీత గీసి ఉంది. బోల్టు ఏమాత్రం వదులైనా గీత విరుగుతుంది, చూడగానే తెలిసిపోతుంది. తీసేసిన పాత భాగాలన్నిటినీ అట్టపెట్టెలో పెట్టి చూపించాడు. దానితో ఒక కాగితం ఇచ్చాడు. ప్రతి చక్రానికీ ప్యాడు మందం ఎంత, డిస్కు మందం ఎంత, ఎంతకు దిగితే మార్చాలి, తిరిగి ఎన్ని కిలోమీటర్లకు చూపించాలి అన్నీ వరుసగా ఉన్నాయి. అక్షరాలు జపానువి, అంకెలు మనం వాడేవే. అబ్బాయి ఒక పాత ప్యాడును గుడ్డలో చుట్టి, ఆ కాగితం నకలుతో సహా మా పెట్టెలో పెట్టాడు. నాన్నకు ఇవ్వండి అన్నాడు.

విజయవాడలో బావగారు మంచం మీద కూర్చుని ఆ ప్యాడును చాలాసేపు వేళ్ళ మధ్య తిప్పారు. బొటనవేలి గోటితో మందం చూశారు. కళ్ళజోడు తెప్పించుకుని కాగితంలోని అంకెల మీద వేలు నడిపారు. చెల్లెలు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నది.

“ముందు ఎడమది ఇంత అరిగి, కుడిది ఇంకా ఉందేమిటి?” అన్నారు. “క్యాలిపరు పట్టేసి ఉంటుంది. అది చూశాడా ఆయన? ఫోను కలపండి, వాణ్ణి అడుగుతాను.”